లారీ ఆటకు పాఠాంతరములు



లారీ మనకు క్రొత్త గాదు. కర్మాగారమునుండి వెలువడునపుడు పెక్కు లారీలకు ఇంజనును, చట్రమును, చక్రములును మాత్రమే యుండుట మీలో చాలమంది యెరిగినదే. పిదప విజయవాడ ఆటోనగరువంటి చోట వడ్రంగులు, కమ్మరులు, రంగులవారు గూడి దానికి తొట్టి కట్టి, వెనుక తలుపుపై చిలుకలను పద్మములను వ్రాసి రోడ్డున బెట్టుదురు. కంపెనీవారు చట్రమిత్తురు, దానికి రూపమిచ్చువారు వేరు. కంప్యూటరు తెరపై నడచు లారీలకును ఇట్టి చరిత్రమే కలదు.

చెకియా దేశపు రాజధానియగు ప్రాగ్ నగరమున 1997లో ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ వెలసెను. 2002 మొదలుకొని వారు 'ఎయిటీన్ వీల్స్ ఆఫ్ స్టీల్' అను పేర వరుసగా ఆటలను నిర్మించిరి. ఆడువాడు అమెరికా రహదారులపై పదునెనిమిది చక్రముల లారీని తోలి, ఒక పట్టణమున సరకెత్తి, గడువులోపల వేరొక పట్టణమున దింపి బాడుగ పుచ్చుకొనవలెను. ఆ రొక్కముతోనే డీజిలు, ఆ రొక్కముతోనే మరమ్మతు. ఇందు యుద్ధము లేదు, రాక్షసులు లేరు. ఇదియు నొక ఆటయేనా యని మీరు నవ్వవచ్చును. రాత్రివేళ నిండు లోడుతో ఘాటురోడ్డెక్కిన డ్రైవరు నడిగినచో దీని రుచి చెప్పగలడు. ఆ వరుసలో 2006లో వచ్చిన 'హాలిన్' అను ఆటయే నేటి ప్రసంగమునకు విషయము.

ఆ ఆటలోని సామగ్రి యంతయు, అనగా లారీలు, రోడ్లు, చెట్లు, చప్పుళ్ళు, ఒక పెద్ద మూటగా గట్టబడియుండెను. మూటపై 'ఎస్‌సీఎస్' అను క్రొత్త ముద్ర యున్నను, ముడి మాత్రము లోకమెల్ల నెరిగిన జిప్ ముడియే. కావున దానిని విప్పుటకు మంత్రతంత్రములు అక్కరలేకపోయెను. విప్పిచూచిన కుర్రవానికి ఇంజను బలము, గేర్ల లెక్క, మామూలు అక్షరములలో వ్రాసియుండుట కనబడెను. అంకె దిద్దిన బలము మారును. బొమ్మపై రంగు దిద్దిన లారీ రంగు మారును. ఆకారములను దెలుపు ఫైళ్ళు మాత్రము గూఢలిపివంటివి. వానిని చదువుటకు వలయు పనిముట్లను ఔత్సాహికులే కల్పించుకొనిరి. ఇట్లు చేసిన మార్పునకు 'మాడ్' అని పేరు.

ఇందొక చమత్కారము వినుడు. మార్పు చేయువాడు మూలమును చెరుపనక్కరలేదు. తన మార్పులను చిన్న మూటగా గట్టి, 'మాడ్' అను ఫోల్డరులో నుంచిన జాలును. ఆట మొదట మూలమును జదువును, పిదప ఈ చేర్పులను అక్షరక్రమమున జదువును. రెండు చేర్పులు ఒకే వస్తువును మార్చినచో, వెనుక జదివినదే నిలుచును. రెండు సూత్రములు సమబలముతో ఢీకొన్నపుడు పరసూత్రమే ప్రవర్తించునని పాణిని ఏర్పరచిన మర్యాదకు ఇది యెంత దగ్గరిదో వ్యాకరణము చదివినవారు గ్రహింతురు గాక! అయితే ఈ మర్యాద నెరిగిన కుర్రవారు తమ చేర్పే నెగ్గవలెనని ఫైలు పేరునకు ముందు ఇంగ్లీషు తుది అక్షరమైన 'జడ్'ను రెండు మూడు సారులు తగిలింపసాగిరి. పాణినికి ఈ బెడద లేదు.

ఇండోనేషియా యువకులు ఈ ఆటను తమదిగా జేసికొన్న తీరు మిక్కిలి ముచ్చటైనది. అమెరికా లారీలతో వారికేమి పని? వారి దేశమున దూరప్రయాణపు బస్సులపై అభిమానము మెండు. కావున లారీని దించి, తమ ఊళ్ళ బస్సులను వాని రంగులతో, పేర్లతో సహా తెరపై నెక్కించిరి. ఆట పాతబడిన కొలది వారికి మేలే యయ్యెను. తక్కువ వెలగల పాత కంప్యూటరుపైనను అది నడచును గదా.

ఎస్‌సీఎస్ వారే 2012లో 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2' అను ఆటను వెలువరించిరి. అందు తొలుత మెర్సిడెస్ లారీకి 'మెజెస్టిక్' అనియు, వోల్వోకు 'వేలియంట్' అనియు మారుపేర్లుండెను. ఔత్సాహికులు మాడ్‌లద్వారా అసలు పేర్లు తగిలించిరి. కొంతకాలమునకు ఆ కంపెనీల అనుమతి లభించి, ఆటలోనే అసలు పేర్లు చేరెను.

ఇక కర్తృత్వపు చిక్కు. మూలము ప్రాగ్ వారిది. దానిపై బస్సు చెక్కినవాడొకడు, అద్దములు చేర్చినవాడొకడు, హారను ధ్వని పట్టినవాడు వేరొకడు. మర్యాదగలవారు మాడ్‌తోగూడ ఒక చీటి వ్రాసి, ఎవరెవరి పని యెంతయో పేర్కొందురు. మర్యాద లేనివారు ఆ చీటిని దీసివేసి తమ పేరు తగిలింతురు. అందుచే విసిగిన కొందరు తమ మూటలకు తాళము వేసిరి. తాళముతో దొంగతనము కొంత తగ్గియుండవచ్చును గాని, చూచి నేర్చుకొనువాని దారియు మూతపడెను. తాళము తెరచియుండుటవలననే గదా వారును నేర్చినది! నా మొగ్గు చీటివైపే గాని తాళమువైపు గాదు.

దీనికన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. ఈ మూటలను పదిమందికి పంచుటకు మెగాఅప్‌లోడ్, రాపిడ్‌షేర్ వంటి ఫైలు గిడ్డంగుల నాశ్రయించిరి. మెగాఅప్‌లోడును అమెరికా ప్రభుత్వము 2012 జనవరిలో మూయించెను. రాపిడ్‌షేర్ 2015 మార్చిలో ముగిసెను. వానితో బాటు అందలి సరకును పోయెను. మన తాటాకు గ్రంథములకు చెదలు పట్టుటకు నూరేండ్లయిన బట్టెడిది. వీనికి ఒక్కరాత్రి చాలెను. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌన్ దొర పండితులకు జీతములిచ్చి వ్రాతప్రతులను దెప్పించి, పాఠములను సరిచూపించెను. ఈ మాడ్‌లకు ప్రతి దొరకుటయే గగనము. పాఠము సరిచూచుట తరువాతిమాట. మిగిలినవి ఎవని ఇంటనో మూలబడిన పాత కంప్యూటరులో నున్నవి. వానిలో కొన్నిటికి చీటి యున్నది, కొన్నిటికి లేదు.