ఎర్ర బటన్

మా ఇంట్లో టూ-ఇన్-వన్‌కి ఒక ఎర్ర బటన్ ఉండేది. దాన్నీ ప్లే బటన్‌నీ కలిపి నొక్కితే రికార్డయ్యేది. మూడో తరగతిలో ఉండగా, రేడియోలో వస్తున్న సినిమా పాట కోసం చేతికందిన క్యాసెట్ పెట్టి ఆ రెండూ నొక్కేశాను. అది అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్. ఎవరూ చెరపకూడదని మామయ్య దాని వెనక ప్లాస్టిక్ ముక్క ముందే విరిచేశాడు. ఆ కన్నం మీద సెల్లోటేప్ అంటిస్తే మళ్ళీ రికార్డవుతుందన్న తెలివి నాకు అప్పటికే వచ్చేసింది మరి. "పోతే పోయిందిలేరా, మళ్ళీ పాడతాను" అంది అమ్మమ్మ. ఆ "మళ్ళీ" రాలేదు.

పోయినేడాది ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు కొన్నాను. అమ్మకు గుర్తున్నంతవరకు ఆ పాటలు పాడించి రికార్డు చేద్దామని. ఎనిమిది నెలలైనా ఒక్కటీ పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో ఈ హాబీ చరిత్ర చదివాక కొంత అర్థమైంది.

ఇంట్లో రికార్డింగ్ ల్యాప్‌టాప్‌తో మొదలైందనుకునేవాణ్ణి. 1877లో ఎడిసన్ చేసిన ఫోనోగ్రాఫ్ వినిపించడమే కాదు, రికార్డు కూడా చేసేది. 1890ల్లో అమెరికా ఇళ్ళల్లోకి వచ్చిన ఫోనోగ్రాఫుల మైనపు సిలిండర్ల మీద ఇంటివాళ్ళే తమ గొంతు ఎక్కించుకునేవారు. నచ్చకపోతే పైపొర చెక్కేసి మళ్ళీ వాడుకునేవారు. బెర్లినర్ గ్రామఫోన్ ప్లేటు ఈ వెసులుబాటు తీసేసింది. ఒక అచ్చు నుంచి ఎన్ని ప్లేట్లయినా గుద్దొచ్చు, కానీ ఇంట్లో వాటిని వినడమే. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాక మనదేశంలో స్థిరపడిందీ ఈ పద్ధతే. పాడేవాళ్ళు ఒకచోట, వినేవాళ్ళు ఇంకోచోట, మధ్యలో కంపెనీ.

మళ్ళీ ఇంటికి రికార్డింగ్ తెచ్చింది టేపు. గిటారిస్టు లెస్ పాల్ 1940ల చివర్లో తన ఆంపెక్స్ టేప్ రికార్డర్‌కి ఇంకో హెడ్ బిగించుకున్నాడు. టేపు మీద ఉన్నది చెరిగిపోయే ముందే ఆ హెడ్ దాన్ని చదివేది. పాత వాయింపూ కొత్త వాయింపూ కలిసి అదే టేపు మీద పడేవి. ఇలా పొర మీద పొర వేసుకుంటూ వెళ్ళొచ్చు. అయితే ఏ పొరలో తప్పు చేసినా కింద చేసిన పనంతా గల్లంతే. మొదట్నుంచి మొదలుపెట్టాలి. 1951లో మేరీ ఫోర్డ్‌తో కలిసి అమెరికాలో నంబర్ వన్ చేసిన 'హౌ హై ద మూన్' ఇలా పేర్చిన పాటే.

1979లో టియాక్ కంపెనీ పోర్టాస్టుడియో తెచ్చింది. మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు. ఒకదాన్ని మార్చినా మిగతావి చెక్కుచెదరవు. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో దీని ముందు కూర్చుని చాలా పాటలు పాడేశాడు. ఎక్కువగా గొంతు, గిటారు, మౌతార్గానే. ఒకప్పుడు నీళ్ళలో తడిసిన పాత పానసోనిక్ టేప్ రికార్డర్‌లోకి మిక్స్ చేశాడు. తన బ్యాండుకి వినిపించడానికి చేసిన డెమో అది. బ్యాండుతో స్టూడియోలో ప్రయత్నిస్తే పాటల్లో ఉన్నదేదో పోయింది. చివరికి డబ్బా కూడా లేకుండా జేబులో తిరిగిన ఆ క్యాసెట్టే 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా అదే సెప్టెంబరులో విడుదలైంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం డెమో కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి పంపితే తిట్లు తింటాం. అతను పంపాడు. అది ఒట్టి ధైర్యం అనుకోను. నాలుగే ట్రాకులుంటే ఎక్కడ ఆపాలో యంత్రమే చెప్తుంది. నా ల్యాప్‌టాప్‌లో ట్రాకులకి లెక్కలేదు, ఎన్నిసార్లయినా అన్‌డూ. చిన్నప్పుడు ఒక్క నొక్కుతో గొంతు చెరిపినవాణ్ణి, ఇప్పుడేదీ చెరగదన్న భరోసాతో ఏదీ ముగించలేకపోతున్నాను. కుక్కర్ విజిల్ తీసేశాను, ఊపిరి శబ్దం తీసేశాను. అమ్మ రెండో చరణంలో ఆగి "తర్వాతేంటిరా?" అన్న చోటు కత్తిరించి ఇంకో టేక్ అతికించాను. వింటే అమ్మలా లేదు.

పోయిన శనివారం అదంతా పక్కన పెట్టి, నాలుగు ట్రాకులే అని నియమం పెట్టుకున్నాను. ఒకటి అమ్మ మొదటి టేక్, ఆగిన చోటుతో సహా. ఇంకోటి శ్రుతి. ఫైలు మామయ్యకి పంపాను. గంటలో ఫోన్ చేశాడు.

"బావుందిరా. కానీ అమ్మ ఇంత నెమ్మదిగా పాడేది కాదు."

నిజమో కాదో తేల్చే క్యాసెట్ నా వల్లే లేదు. "అయితే నువ్వు పాడి చూపించు మామయ్యా" అన్నాను. ఆదివారం వస్తానన్నాడు. ఇంకా రెండు ట్రాకులు ఖాళీగా ఉన్నాయి.