గ్యాంగ్ ఆఫ్ ఎయిట్

పేరు వింటే దొంగల ముఠా అనిపిస్తుంది. కానీ వీళ్లు అమెరికా కాంగ్రెస్ పెద్దలు: ఉభయ సభల్లో రెండు పార్టీల నాయకులు నలుగురు, రెండు నిఘా కమిటీలను నడిపే మరో నలుగురు. ఇంగ్లిషులో ‘గ్యాంగ్’ అంటే మొదట నడక, ప్రయాణం. తర్వాత కలిసి వెళ్లేవాళ్లు, కలిసి పనిచేసే కూలీలు. మన రైల్వే గ్యాంగ్‌మన్‌లో ఉన్నది ఆ అర్థమే. ముఠా వాసన తర్వాత అంటుకుంది. 1976లో చైనాలో మావో భార్యతో సహా నలుగురు నేతల అరెస్టుతో ‘గ్యాంగ్ ఆఫ్ ఫోర్’ ప్రపంచమంతా పాకింది.

చట్టంలో ఈ పేరు కనిపించదు. అసాధారణ పరిస్థితుల్లో రహస్య చర్యల సంగతి ఈ ఎనిమిది మందికే చెప్పే వీలు అధ్యక్షుడికి ఉందని మాత్రం ఉంది. సిబ్బందిని గది బయటే నిలబెట్టడం ఆనవాయితీగా వచ్చింది. అసలు చిక్కంతా అక్కడే. రహస్యాలు వినడానికి సభ్యుడికి ఎన్నికే అర్హత. సహాయకుడికి భద్రతా తనిఖీ తప్పనిసరి. అది దాటినా, ఈ గదిలోకి మాత్రం రానివ్వరు.

2003లో ఈ ఎనిమిది మందిలో ఒకరైన సెనేటర్ జే రాక్‌ఫెల్లర్‌కు జాతీయ భద్రతా సంస్థ (ఎన్‌ఎస్‌ఏ) నిఘా కార్యక్రమం గురించి చెప్పారు. తాను సాంకేతిక నిపుణుణ్నీ కాను, లాయర్నీ కాను, సిబ్బందిని అడిగే వీలూ లేదంటూ ఆయన ఉపాధ్యక్షుడు చెనీకి స్వదస్తూరీతో లేఖ రాశారు. టైపు చేయించడానికి కూడా మనిషి లేడు మరి! నకలును సీలు వేసి దాచుకున్నారు. 2005 డిసెంబరులో, కార్యక్రమం పత్రికలకెక్కాకే, ఆ లేఖను బయటపెట్టారు.