గ్రహణం విడిచాక

1868 ఆగస్టు 18, మంగళవారం, శ్రావణ అమావాస్య. పొద్దున తొమ్మిది ప్రాంతంలో చంద్రుడి నీడ పడమటి నుంచి వచ్చి మాచర్ల, గురజాల, నరసరావుపేటల్ని కప్పేసి గుంటూరు మీదికి సాగింది. పల్నాటి ఇళ్ళల్లో పట్టు స్నానాలు అయిపోయి, కుండల మీద దర్భలు పడే ఉంటాయి. గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ మాత్రం దూరదర్శినికి స్పెక్ట్రోస్కోపు బిగించి కాచుకున్నాడు.

చీకటి కమ్మింది. సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు లేచాయి. వాటి వెలుగును పట్టకంతో విడదీస్తే ఏడు రంగుల పట్టీ రాలేదు. విడివిడిగా ధగధగలాడే గీతలే వచ్చాయి. అంటే అవి వేడికి వెలిగే వాయువులు, ముఖ్యంగా హైడ్రోజన్. వచ్చిన పని అయినట్టే. కానీ ఆ మెరుపు ఆయన్ని వదల్లేదు. ఇంత మెరిసేవి గ్రహణం లేకుండా మాత్రం ఎందుకు కనబడవు?

వినడానికే అడ్డంగా ఉంది. సూర్యుణ్ణి మూస్తేనే కదా పక్కనున్న మసక వెలుగు తేలేది! మూయనక్కర్లేదు, పలచన చేస్తే చాలనుకున్నాడు జాన్సెన్. మిరప చేనంతా నాలుగు బిందెలు చిలకరిస్తే మట్టి రంగైనా మారదు. చెంబెడు నీళ్ళు ఒక్క మొక్క మొదట్లో పోస్తే నిలుస్తాయి. సూర్యకాంతిలో అన్ని రంగులూ ఉన్నాయి కాబట్టి పట్టకం దాన్ని ఎంత పరిస్తే అంత పలచబడుతుంది. జ్వాలల కాంతి రెండు మూడు రంగుల్లోనే ఉంది. ఎంత పరిచినా ఆ గీతలు ఎడం జరుగుతాయి గానీ వన్నె తగ్గవు.

వెంటనే చూద్దామంటే మబ్బులు. మర్నాడు మూడింటికే లేచాడు. పొద్దు పొడవగానే స్పెక్ట్రోస్కోపు చీలికను సూర్యబింబం అంచుకు చేర్చాడు. ఎరుపు భాగంలో, హైడ్రోజన్ గీత ఉండాల్సిన చోటే, అంచు దాటి ఒక గీత మెరుస్తోంది! చీలికను కాస్త కాస్త జరుపుతూ పోతే జ్వాల ఆకారమే బయటపడింది. నిన్నటి రూపు ఇవాళ లేదు. 17 రోజులపాటు అలా చూస్తూనే ఉన్నాడు.

హీలియం గుంటూరులోనే దొరికిందని గొప్పగా చెప్పుకుంటాం. నా లెక్కలో అది సగం మాటే. హీలియంకు ఆనవాలైన పసుపు గీత సోడియం చోటుకు సరిగ్గా కుదరడం లేదని అనుమానించింది అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసిన ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్. గుంటూరు గొప్పంతా 19 ఉదయానిదే.

ఇంగ్లండులో లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్తకూ అదే ఊహ తట్టింది. గ్రహణం జోలికే పోకుండా అక్టోబరు 20న చూసేశాడు. ఇద్దరి కబురూ పారిస్ అకాడమీకి ఒకే రోజు అందింది. 1872లో ఫ్రాన్సు ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం అచ్చు వేయించింది.