హైదరాబాదు - దుబాయ్ విమాన ప్రయాణం

హైదరాబాదు - దుబాయ్ విమాన మార్గం తెలంగాణను ఐక్య అరబ్ ఎమిరేట్స్‌తో కలిపే మార్గము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళే వలస కార్మికులు దీనిని ఎక్కువగా ఉపయోగిస్తారు.

దూరం, సమయం

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి దుబాయ్ విమానాశ్రయానికి గగనతల దూరం సుమారు 2,550 కి.మీ. ఇది హైదరాబాదు - ఢిల్లీ దూరానికి రెండింతలు. నేరు గీత ముంబయి సమీపంలో పశ్చిమ తీరాన్ని దాటి అరేబియా సముద్రం, ఒమన్ సింధుశాఖల మీదుగా పోతుంది. ఎక్కడా ఆగని విమానానికి సుమారు 4 గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు తోడైనపుడు సమయం కొంత తగ్గుతుంది.

దుబాయ్ కాలమానం భారత కాలమానం కంటే గంటన్నర వెనుక ఉంటుంది. అందువలన తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరిన విమానం అక్కడి గడియారం ప్రకారం ఉదయం 6:30కే దిగుతుంది. టిక్కెట్టుపై ముద్రించేవి ఆయా స్థానిక సమయాలు. వాటిని తీసివేసి లెక్క కడితే పోయేటపుడు రెండున్నర గంటలు, వచ్చేటపుడు ఐదు గంటలు అన్నట్లు కనిపిస్తుంది. ఇంటివారు ఫోనుకై ఎదురుచూసేటపుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఊరి నుండి విమానాశ్రయానికి

రోడ్డు మార్గాన హైదరాబాదు జగిత్యాలకు సుమారు 190, కోరుట్లకు 210, సిరిసిల్లకు 140 కి.మీ. దూరంలో ఉంది. శంషాబాదు నగరానికి దక్షిణాన ఉండగా ఈ పట్టణాలు ఉత్తరాన ఉన్నాయి. కాబట్టి నగరాన్ని దాటవలసిందే. మూడు గంటల ముందు చేరుకోవలసి ఉండుటచే, కోరుట్ల వాసికి విమానం ఎక్కేలోపు గడిచే సమయం విమానంలో గడిపే సమయాన్ని మించిపోతుంది.

చరిత్ర

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో నిర్మాణ పనులు విస్తరించాయి. తొలినాళ్ళలో కరీంనగర్ జిల్లా వారు చాలామంది బొంబాయికి చేరుకుని అక్కడినుండి విమానమెక్కేవారు. ఆ నగరం నుండి దుబాయ్ సుమారు 1,930 కి.మీ. మాత్రమే. అయితే మిగిలిన దూరమంతా బస్సులోనో రైలులోనో గడిచేది. సిరిసిల్ల నేత కార్మికులకు భివండీ మరమగ్గాల వలన ఆ దారి ముందే పరిచితం. హైదరాబాదులో 2008 మార్చి వరకు బేగంపేట విమానాశ్రయం పనిచేసింది; ఆ తరువాత రాకపోకలు శంషాబాదుకు మారాయి.

పత్రాలు

పదవ తరగతి ఉత్తీర్ణులు కాని కార్మికుల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కోవకు చెందుతుంది. ఉద్యోగానికై ఎమిరేట్స్‌కు వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం వీరు ముందుగా అనుమతి పొందాలి. విజిట్ వీసాపై వెళ్ళి పనిలో చేరినవారికి ఈ రక్షణ ఉండదు.

మృతదేహాల తరలింపు

గల్ఫ్‌లో మరణించినవారి దేహాలు ఇదే మార్గంలో, విమానపు సరుకుల విభాగంలో వస్తాయి. మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, పాస్‌పోర్టు రద్దు, భారత కాన్సులేటు నిరభ్యంతర పత్రం, దేహాన్ని భద్రపరచినట్లు ధ్రువీకరణ పూర్తికావాలి. కనుక నాలుగు గంటల దూరానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. శంషాబాదు నుండి స్వగ్రామానికి అంబులెన్సులో తరలిస్తారు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ. 5 లక్షల పరిహారం ఇచ్చేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు జారీ చేసింది.