లక్కపలకపై గొంతులు

నిమిషమునకు 78 చుట్లు తిరిగిన గ్రామఫోను ప్లేటు మన ఇండ్లనుండి తొలగి అర్ధశతాబ్దము దాటినది. పాటను తలచుకొనువారే గాని ప్లేటు దేనితో చేసిరో విచారించువారు అరుదు.

అది మన లక్క. చోటానాగపూరు అడవులలో మోదుగ, రేగు కొమ్మలపై పురుగు విడిచిన జిగురు ఓడలెక్కి ఐరోపాకు పోయి, రాతిపొడితో కలిసి, పాటయై మరలివచ్చెడిది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటల అచ్చులు జర్మనీలోని హానోవరునకే పోయినవి. పాట తుదిని ఆమె తన పేరు ఇంగ్లీషున చెప్పుట గర్వమువలన గాదు. మన భాష యెరుగని అచటి పనివారు చీటీ తప్పుగా అతికింపకుండుటకని చెప్పుదురు. 1908లో సియాల్దాలోను, 1928లో దమ్‌దమ్‌లోను కర్మాగారములు వెలసిన పిమ్మట ఆ సముద్రయానము తప్పినది.

పది అంగుళముల ప్లేటు ఒక ప్రక్క మూడు నిమిషములు, కొంచె మెక్కువ. మన నాటకములవారికి ఇది చిన్న శిక్ష కాదు. వన్సుమోరు కేకలకు ఒకే పద్యమును మరల మరల పాడిన గాయకుడు ఇచట రాగమెంత, మాటయెంత యని ముందే లెక్క చూచుకొనవలసి వచ్చినది. ఆ లెక్క పద్యమునకు మేలే చేసినదని నా తలంపు. పెద్దలు కోపింతురు గాక. కపిలవాయి రామనాథశాస్త్రి కంఠము నాటకము చూడనివారి చెవులకు గూడ ఈ కొలతలోనే చేరినది.

ఇక ముల్లు. ఉక్కుముల్లును ప్రతి ప్రక్కకు మార్చవలెను. పొదుపునకై ఒకే ముల్లుతో పది ప్రక్కలు వినుట మన ఇండ్ల ఆచారము. గాడి అరిగినది; ఇష్టపడిన ప్లేటే ముందు చెడినది. నేడు పాత పెట్టెలలో మెరయుచు దొరకునవి తరచు ఎవరును రెండవమారు పెట్టనివి. కపిలవాయి పద్యములను మాత్రము గరగరల నడుమ వెదకి వినవలసినదే.