వీధి దీపం ఎవరి డబ్బుతో వెలుగుతుంది?

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరైన తర్వాత కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల సమావేశంలో జరిగిన వాదన మీకు గుర్తుండే ఉంటుంది. మన సంఘం భవనం ఉన్న సందులో మూడు దీపాలు వెలగడం లేదు. సాయంత్రం తెలుగు తరగతికి వచ్చే పిల్లలు సెల్‌ఫోన్ వెలుగులో ఇళ్లకు పోతున్నారు. "ఇంటికి ఇంతని వేసుకుని మనమే దీపాలు పెట్టిద్దాం" అని కొందరన్నారు. "ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఎందుకు?" అని కొందరన్నారు. ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు ఈ పన్ను కథ చెప్పాలి.

ఈ పన్ను సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ రైల్వే క్వార్టర్సులోనే ఉన్నాను. కాలనీలో దీపం ఆరితే ఫిర్యాదు పుస్తకంలో రాసేవాళ్లం. రైల్వే ఎలక్ట్రికల్ మనిషి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ ఖర్చు రైల్వేదే. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం, పార్లమెంటు ఒప్పుకుంటే తప్ప, కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద మునిసిపాలిటీ పన్ను వేయకూడదు. కనుక ఇంటి పన్ను నోటీసు ఎలా ఉంటుందో నేను చూసింది సొంత ఇల్లు కట్టుకున్నాకే.

మన దేశంలో మునిసిపల్ పన్ను కథ మొదలయ్యేది మద్రాసులోనే. 1680ల్లో ఊరి గోడ ఖర్చు కోసం కంపెనీ ఇళ్ల మీద పన్ను వేయబోతే జనం ఎదురు తిరిగారు. మనమడిగితే ఇవ్వరు, వాళ్లలో వాళ్లు కూర్చుని వేసుకుంటే ఇస్తారని లండన్‌లోని కంపెనీ పెద్ద జోసయ్య చైల్డ్ ఆలోచించాడు. అలా 1688 సెప్టెంబరు 29న మద్రాసు కార్పొరేషన్ పుట్టింది. మొదటి ఆల్డర్‌మన్లలో చిన్న వెంకటాద్రి ఒకరు. ఈయన బేరి తిమ్మన్న తమ్ముడు, మన తెలుగువారు. అంటే పన్ను వేసే బల్ల దగ్గర మొదటి రోజు నుంచీ మనవాళ్లు కూర్చున్నారు. అయినా జనం ఆ పన్నులూ సులభంగా కట్టలేదు.

1793లో పార్లమెంటు చట్టం వచ్చింది. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో ఇంటి వార్షిక విలువను బట్టి పన్ను వేసే అధికారం ఇచ్చింది. ఆ డబ్బు వీధులు ఊడ్చడానికి, కాపలాకు, బాగుచేయడానికి. దీపాల పద్దు అందులో లేదు, అది తర్వాత వచ్చి చేరింది.

దీపాలంటే మొదట నూనె దీపాలు. సాయంత్రం మనిషి వచ్చి వెలిగించాలి, గాజు తుడవాలి, నూనె పోయాలి. కరెంటు వచ్చాక వెలిగించే మనిషి పోయాడు గానీ ఖర్చు పోలేదు. బెంగళూరులో 1905 ఆగస్టు 5న కరెంటు వీధి దీపాలు వెలిగాయి. ఆ కరెంటు శివనసముద్రం నుంచి వచ్చింది. కోలారు బంగారు గనుల కోసం 1902లో మొదలైన కరెంటు అది. కోలారులో ఎన్ని తెలుగు కుటుంబాలు బతికాయో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి. 1920 మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో ఆస్తి పన్ను ఒకే ముద్ద కాదు. సాధారణ ఖర్చుల పన్ను, నీళ్లు మురుగు పన్ను, దీపాల పన్ను, పాకీ పనుల పన్ను అని భాగాలున్నాయి. ఆంధ్రలో 1965లో వచ్చిన మునిసిపాలిటీల చట్టంలోనూ ఈ భాగాలే కనిపిస్తాయి. లెక్క ఇలా. ఇంటికి నెలకు 1,000 రూపాయల అద్దె రావచ్చనుకోండి. ఏడాదికి 12,000. మరమ్మతుల కింద నూటికి 10 తీసేస్తే 10,800. దాని మీద దీపాల పన్ను నూటికి ఒకటి అని కౌన్సిల్ తీర్మానిస్తే 108 రూపాయలు. దీపాల పేరున ఇంత ఇచ్చానని ఆ ఇంటాయన వేలు పెట్టి చూపించవచ్చు. పేరు పెట్టి తీసుకున్న డబ్బుకు పేరు పెట్టి లెక్క అడగవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి మన తమిళనాడులో పాత చట్టం పోయి పట్టణ స్థానిక సంస్థల చట్టం అమల్లోకి వచ్చింది. చట్టం మారినా అడిగే హక్కు మారలేదు.

అయితే దీనికి రెండో వైపు ఉంది. కరెంటు ధర, కూలి ఏటా పెరుగుతాయి. ఇంటి విలువ మాత్రం ఎప్పుడో ఒకసారి తిరిగి కడతారు. పాత చట్టం ఐదేళ్లకోసారి అంది. జరిగింది వేరు. చెన్నై బయట ఊళ్లలో 2008 తర్వాత మళ్లీ 2022లోనే పెంచారు. 600 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 25 శాతం, 1,800 దాటినవాటికి 100 శాతం. ఒక్కసారిగా పడేసరికి అందరం గగ్గోలు పెట్టాం.

మన పిల్లలు కొందరున్న కాలిఫోర్నియాలోనూ ఇదే తలనొప్పి. అక్కడ 1996లో ఓటర్లు 218వ ప్రతిపాదనను ఆమోదించారు. ఆస్తి యజమానుల ఓటు లేకుండా ఇలాంటి చార్జీ పెంచకూడదు. లాస్ ఏంజిలెస్‌లో చాలా ఇళ్లకు దీపాల చార్జీ ఆ తర్వాత ఏళ్ల తరబడి కదల్లేదు, ఖర్చు మాత్రం పెరిగింది. ఆరిన దీపాలు బాగుచేయడానికి డబ్బు చాలలేదు. పన్ను గడ్డకడితే దీపమూ గడ్డకడుతుంది.

ఇప్పుడు ఆ రోజు నేను మౌనంగా ఎందుకున్నానో చెప్తాను. మన సంఘం భవనానికి మేడ మీద హాలు వేసి పదకొండేళ్లయింది. పెళ్లిచూపులకు, సీమంతాలకు అద్దెకిస్తున్నాం. పన్ను కాగితంలో మాత్రం ఇప్పటికీ కింది అంతస్తు ఒక్కటే ఉంది. అప్పుడు కార్యదర్శిని నేనే. ఆ కాగితం నింపింది నా చేతులే. "ఇప్పుడెందుకులే, అడిగినప్పుడు చూద్దాం" అని పెద్దలన్నారు, నేనూ సరేనన్నాను. ముప్పై ఏళ్లు టికెట్ లేనివాడికి జరిమానా రాసిన డిపార్టుమెంటులో పనిచేసినవాణ్ణి నేను.

అందుకే నా మనవి ఇది. ఇంటింటికీ చందా వేయవద్దు. వేస్తే రేపు ఆ దీపం ఆరినప్పుడు అడగడానికి మనకు ఎవరూ ఉండరు. అలాగని రేపే మహజరు పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకు పోవద్దు. ముందు మేడ మీది హాలు కొలిపించి, పన్ను తేల్చి కడదాం. ఆ రసీదు మహజరుకు జతచేసి, అప్పుడు దీపాలు అడుగుదాం. కాగితం మళ్లీ నేనే నింపుతాను. ఈసారి రెండు అంతస్తులూ రాస్తాను.

వచ్చే ఆదివారం సమావేశంలో మీ అభిప్రాయం చెప్పండి. నన్ను తిట్టదలచినవారు అక్కడే తిట్టవచ్చు, వింటాను.