ఇంజిన్ ఆయిల్ అడిటివ్స్: ఆ చిన్న డబ్బా పోస్తే పాత కారు కొత్తదవుతుందా? డబ్బులు పెట్టే ముందు ఇది తెలుసుకోండి

కారు సర్వీసింగ్‌కు ఇచ్చి ఆఫీసుకు వెళ్లిపోతాం. మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. "సార్, ఇంజిన్ ట్రీట్‌మెంట్ కూడా చేసేయమంటారా? మైలేజ్ పెరుగుతుంది, సౌండ్ తగ్గుతుంది" అని అడుగుతారు. పనిలో ఉండి సరే అనేస్తాం. సాయంత్రం బిల్లు చూస్తే ఆయిల్, ఫిల్టర్, లేబర్ కింద ఇంకో లైన్ ఉంటుంది. ఇంతకీ ఆ లైన్‌కు కట్టిన డబ్బుతో ఇంజిన్‌కు ఒరిగేది ఏమైనా ఉందా? ఒక్క ముక్కలో చెప్పాలంటే.. బాగున్న ఇంజిన్‌కు దాని అవసరం లేదు. కొన్ని ఇంజిన్లకైతే నష్టం కూడా.

ఆయిల్‌లో ముందే ఉన్నాయి

మనం కొనే ఇంజిన్ ఆయిల్ ఒట్టి నూనె కాదు. బేస్ ఆయిల్‌లో కంపెనీయే అడిటివ్స్ కలిపి అమ్ముతుంది. ఆయిల్‌ను బట్టి ఇవి మొత్తంలో దాదాపు పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటాయి. మసి ఒకచోట గడ్డకట్టకుండా చూసేది ఒకటి, మురికిని కడిగేది ఒకటి, నురగ రాకుండా ఆపేది ఒకటి, వేడికి ఆయిల్ మరీ పల్చబడకుండా పట్టి ఉంచేది ఇంకోటి. లోహం లోహం రాసుకునే చోట అరుగుదలను ఆపేది జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ అనే రసాయనం. దశాబ్దాలుగా ఇంజిన్ ఆయిల్స్‌లో ఇదే వాడుతున్నారు.

ఇక్కడే అసలు చిక్కు. ఇవన్నీ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అరుగుదలను ఆపేది, మురికిని కడిగేది.. రెండూ లోహం ఉపరితలం మీదే చోటు కోసం చూస్తాయి. ఒకటి పెరిగితే ఇంకోదాని పని తగ్గుతుంది. అందుకే కంపెనీలు వాటి పాళ్లు కుదిర్చి, ఇంజిన్లలో పోసి టెస్టులు చేశాకే డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ లాంటి గ్రేడ్ వేసుకుంటాయి. ఆ గ్రేడ్ అలా టెస్ట్ అయిన ఆయిల్‌కే. మనం పైనుంచి 300 మిల్లీలీటర్ల ఇంకేదో పోశాక తయారయ్యే మిశ్రమాన్ని ఎవరూ టెస్ట్ చేసి ఉండరు. బిర్యానీకి ఉప్పు సరిపోయాక ఇంకో గుప్పెడు వేస్తే రుచి పెరగదు కదా, అలాగన్నమాట.

మరి ఆ వీడియోల్లో చక్రం ఆగడం లేదుగా?

ఈ రీల్ మీరూ చూసే ఉంటారు. తిరుగుతున్న చక్రం మీద ఒక లోహపు ముక్కను నొక్కుతారు. మామూలు ఆయిల్‌తో కీచుమని ఆగిపోతుంది. నాలుగు చుక్కలు అడిటివ్ వేయగానే ఎంత బరువు పెట్టినా తిరుగుతూనే ఉంటుంది. వీడియో దొంగది కాకపోవచ్చు. కానీ ఆ మెషిన్ చూపించేది మీ ఇంజిన్‌లో జరిగేది కాదు. అక్కడ ఒక్క బిందువు మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. ఇంజిన్‌లో బేరింగులు పంపు తోసే ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి. క్లోరిన్ ఉన్న రసాయనాలు ఆ మెషిన్ మీద అదరగొడతాయి, గేర్లకు, లోహాన్ని కోసే పనులకు పనికొస్తాయి కూడా. అవే ఇంజిన్ వేడిలో, తేమలో ఆమ్లాలుగా మారి బేరింగులను తినేసే ప్రమాదం ఉంది.

అమెరికాలో ఏం జరిగిందంటే..

ఈ వ్యాపారం ఎక్కువగా నడిచింది అమెరికాలో. అక్కడి వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990ల్లో ఈ ప్రకటనల మీద పడింది. నాన్‌స్టిక్ పెనం మీద పూత వేసే పదార్థాన్నే కలిపి అమ్మిన స్లిక్ 50 మీద 1996లో కేసు పెట్టింది. స్టార్ట్ చేసేటప్పుడు మా ప్రొడక్ట్ లేకపోతే ఇంజిన్‌కు రక్షణే లేదన్నట్టు ప్రచారం చేశారని, దానికి ఆధారాలు లేవని కమిషన్ వాదన. 1997లో రాజీ కుదిరింది. తర్వాత డ్యూరా ల్యూబ్ వంతు. జడ్‌మ్యాక్స్ మీద 2001లో వేసిన కేసు ఇంకా ఆసక్తికరం. ఆ కంపెనీ సొంతంగా చేయించిన టెస్టులోనే, అడిటివ్ కలిపిన ఆయిల్‌తో బేరింగుల తుప్పు మామూలు ఆయిల్ కంటే రెట్టింపు పైగా వచ్చిందని, ఆ సంగతి దాచి మంచి అంకెలనే ప్రచారం చేశారని కమిషన్ ఆరోపించింది. 2003లో అదీ సెటిల్ అయింది. ఇలాంటి రాజీల్లో కంపెనీలు తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కానీ రుజువు లేకుండా అలాంటి మాటలు మళ్లీ చెప్పకూడదు.

బీఎస్6 డీజిల్ ఉంటే మరింత జాగ్రత్త

2020 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర బీఎస్6 వచ్చింది. డీజిల్ కార్లకు పొగగొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటోంది. మసి అయితే వేడికి కాలిపోతుంది. కానీ ఆయిల్‌లోని లోహ రసాయనాలు కాలితే మిగిలే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుంటుంది. అందుకే వీటికి బూడిద తక్కువ వచ్చే ప్రత్యేక ఆయిల్ వాడమంటారు. అందులో జింక్ ఎక్కువున్న డబ్బా ఒకటి పోస్తే ఆ జాగ్రత్తంతా వృథా. డీపీఎఫ్ మార్చాలంటే అయ్యే ఖర్చు ముందు అడిటివ్ ధర ఎంత? పెట్రోల్ కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఫాస్ఫరస్ పడదు. కొత్త తరం ఆయిల్స్‌లో చాలా గ్రేడ్లకు దాన్ని 0.08 శాతానికి మించనివ్వకపోవడానికి కారణం అదే.

బైకులోనూ పోస్తామంటే అసలు వద్దు. చాలా బైకుల్లో ఇంజిన్, క్లచ్ ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించే మందు పడితే క్లచ్ పట్టు జారుతుంది. బైక్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండేది ఈ క్లచ్ కోసమే.

వారంటీలో ఉన్న కారైతే ముందు ఓనర్స్ మాన్యువల్ తిరగేయండి. అడిటివ్స్ అక్కర్లేదని, పోస్తే ఇంజిన్ పనితీరు, మన్నిక దెబ్బతినొచ్చని హోండా లాంటి కంపెనీలు అందులోనే రాస్తాయి. సర్వీస్ సెంటర్‌లో మాత్రం "మంచిదే సార్" అంటారు. రాతపూర్వకంగా ఇమ్మని అడిగి చూడండి, ఏమంటారో.

ఫ్లష్ సంగతేంటి?

ఏళ్ల తరబడి ఆయిల్ మార్చని ఇంజిన్‌లో జిగురు మురికి గడ్డకట్టి ఉంటుంది. ఫ్లష్ పోస్తే అది పెళ్లలుగా ఊడి, అడుగున ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడొచ్చు. అప్పుడు ఆయిల్ పైకి ఎక్కదు. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి ఆయిల్ లైట్ వెలిగితే ఇంటిదాకా వెళ్దాంలే అనుకోకుండా అక్కడే ఇంజిన్ ఆపేయాలి. అలాంటి బండికి సరైన ఆయిల్ పోసి, రెండు మూడుసార్లు తొందరగా మార్చడమే క్షేమం.

అయితే అన్నీ దండగేనా అంటే, కాదు. రబ్బరు సీల్ గట్టిపడి కొద్దిగా ఆయిల్ కారుతున్న పాత బండికి, సీల్‌ను మెత్తబరిచే రకం కొన్నాళ్లు పనిచేస్తుంది. ఇంజిన్ విప్పే డబ్బు చేతిలో లేని క్యాబ్ డ్రైవర్‌కు ఆ కొన్ని నెలలూ పెద్ద సంగతే. అరిగిన పిస్టన్ రింగును మాత్రం ఏ డబ్బా బాగుచేయదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు జాగ్రత్త

ఈ డబ్బాల్లో బాగా చిక్కగా ఉండే రకం ఒకటుంది. పోయగానే ఆయిల్ చిక్కబడి, అరిగిన ఇంజిన్ కూడా చప్పుడు తగ్గి, పొగ తగ్గి బుద్ధిగా కనిపిస్తుంది. అమ్మేవాళ్లకు టెస్ట్ డ్రైవ్ అయ్యేదాకా అది చాలు. రెండు మూడు వేల కిలోమీటర్లకు ఆయిల్ తగ్గిపోతూ, వెనక నీలం పొగ వస్తూ ఉంటే చెప్పుకోడానికి ఎవరూ ఉండరు.

కాబట్టి కారు చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు రాకముందే ఇంజిన్ వేడిగా ఉందంటే ఎందుకు స్టార్ట్ చేశారో అడగండి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తేనెలా సాగుతోందా? అనుమానించాల్సిందే. చల్లటి ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేయండి, ఇంకొకరిని వెనక నిలబెట్టి పొగ చూడమనండి. బేరం కుదిరే ముందు మీకు తెలిసిన మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ చేయించండి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.